వాడిన డ్రైవ్‌ను కొత్తదని అమ్ముతున్నారు: వీఎఫ్‌డీ కొనే మిల్లు యజమానులకు హెచ్చరిక

మిర్యాలగూడ దగ్గర ఉన్న మా రైస్ మిల్లులో పాలిషర్ మోటారు కోసం 37 కిలోవాట్ల వీఎఫ్‌డీ డ్రైవ్‌ను (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), ‘వాడని పాత స్టాకు’ అన్న డీలరు మాట మీద కొన్నాము. బిగించిన కొద్ది రోజులకే, లోడు పడిన అరగంటకల్లా డిస్‌ప్లేపై ఓవర్‌హీట్ హెచ్చరిక రావడం, ఆపకుండా నడిపితే డ్రైవ్ ట్రిప్ కావడం మొదలైంది.

ఎండాకాలం కదా, డ్రైవ్ బిగించిన ప్యానెల్ పెట్టెకు ఏసీ పెట్టించుకోండి అన్నాడు డీలరు. చాలా డ్రైవ్‌లకు పూర్తి రేటింగు 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వరకే వర్తిస్తుంది కాబట్టి ఆ మాట సబబుగానే తోస్తుంది. కానీ ప్యానెల్ లోపల చల్లగా ఉండే తెల్లవారుజామున కూడా అదే హెచ్చరిక వచ్చింది. మోటారు కరెంటు నేమ్‌ప్లేటు పరిమితిలోనే ఉండగా, డ్రైవ్‌లోని వేడిని బయటికి వదిలే లోహపు రెక్కల భాగమైన హీట్‌సింక్ ఉష్ణోగ్రత మాత్రం ఎక్కుతూ పోయింది. అంటే లోపం ప్యానెల్‌లో కాదు, డ్రైవ్‌లోనే ఉంది. తర్వాత డీలరు క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ లోపలి ఎలక్ట్రానిక్ స్విచ్‌లు పనిచేసే వేగం) తగ్గించమన్నాడు. తగ్గిస్తే మోటారు రొద పెరిగింది, హెచ్చరిక కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే. చివరికి ఆ హెచ్చరికనే డ్రైవ్ సెట్టింగుల్లో (పారామీటర్లలో) ఆపేయమన్నాడు. అలాంటి సలహా ఇచ్చేవాడి దగ్గర ఫ్యూజు కూడా కొనకూడదు.

విప్పించి చూస్తే, హీట్‌సింక్ రెక్కల మధ్య సిమెంటు లాంటి బూడిదరంగు పొడి గట్టిగా పేరుకుని ఉంది. మా మిల్లులో ఎగిరేది తవుడూ ఊక దుమ్మే కాబట్టి, ఆ డ్రైవ్ అంతకుముందు మరెక్కడో పనిచేసి వచ్చిందనడంలో సందేహం లేదు. ఫ్యాను కూడా కంపెనీది కాదు. కొలత సరిపోయింది గానీ గాలి సగం కూడా రావడం లేదు. ఈ సైజు డ్రైవ్ పూర్తి లోడులో సుమారు ఒక కిలోవాటు వేడిని వదులుతుంది, దాన్ని బయటికి నెట్టవలసింది ఆ ఫ్యానే.

కొనేముందు సీరియల్ నంబరును తయారీ కంపెనీకి చెప్పి తయారైన సంవత్సరం తెలుసుకోండి, రెక్కల్లోకి టార్చి వేసి చూడండి, 37 కిలోవాట్లన్నది హెవీ డ్యూటీ రేటింగేనా (ఎక్కువ ఓవర్‌లోడును తట్టుకునే వాడకానికి ఇచ్చిందేనా) అని అడగండి. బిల్లులో సీరియల్ నంబరు, ‘కొత్తది’ అన్న మాట రెండూ రాయించుకోండి. మా బిల్లులో ‘డ్రైవ్ ఒకటి’ అని మాత్రమే రాసిన డీలరు, ఇప్పుడు ఫ్యాను మార్చి ఇస్తాను గానీ డబ్బు వాపసు ఇవ్వనంటున్నాడు. వ్యాపార అవసరానికి కొన్న సరుకు కావడంతో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా ఫిర్యాదు నిలవడం కూడా కష్టమే.