పాత జీపీఎస్‌లు విదేశాలకి అమ్మేవాళ్లకి: అమెరికా స్క్రీనింగ్ లిస్ట్ సెర్చ్ మీద నా రివ్యూ

మేముండేది కొలరాడో స్ప్రింగ్స్‌లో. జీపీఎస్ ఉపగ్రహాలని నడిపే ష్రీవర్ బేస్ మా ఊరికి తూర్పునే ఉంటుంది. ఇక్కడ కొండలెక్కే పిచ్చి ఉన్నవాళ్లు ఎక్కువ కాబట్టి గరాజ్ సేల్స్‌లో పాత చేతి జీపీఎస్‌లు తరచూ దొరుకుతాయి. గార్మిన్ ఈట్రెక్స్ 20, 30 లాంటివి. చేతిలో ఫోన్ ఉండగా ఇవెందుకని పదిహేను, ఇరవై డాలర్లకే ఇచ్చేస్తారు. ఇంటికి తెచ్చి, బ్యాటరీ గదిలో గట్టిపడిన చిలుమును టూత్‌బ్రష్‌కి కాస్త వెనిగర్ అద్ది నెమ్మదిగా రుద్దుతాను. ఒకరోజు ఆరనిచ్చి, కొత్త ఏఏ బ్యాటరీలు వేసి పెరట్లో బల్ల మీద పెడతాను. స్క్రీన్ మీద ఖాళీ పట్టీలు ఒక్కొక్కటే నిండుతూ ఉపగ్రహాలు అందుతుంటే ఇప్పటికీ నాకు భలే సంబరం. అలా బాగుచేసినవి ఆరేళ్లుగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. కొనేవాళ్లలో సగం మంది జపాన్, జర్మనీ, బ్రెజిల్ వాళ్లే.

పార్సిల్ కట్టే ముందు ప్రతిసారీ నేను తెరిచేది కన్సాలిడేటెడ్ స్క్రీనింగ్ లిస్ట్ సెర్చ్. అమెరికా వాణిజ్య శాఖలోని ఇంటర్నేషనల్ ట్రేడ్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లది, పైసా కట్టక్కర్లేదు. వాణిజ్య, విదేశాంగ, ఆర్థిక శాఖలు విడివిడిగా పెట్టుకున్న నిషేధ జాబితాలు, ఆంక్షల జాబితాలు అన్నీ ఒకేచోట వెతికిపెడుతుంది. నాలాంటి చిన్న అమ్మకందారులు చాలామందికి ఇది ఉందనే తెలియదు. అందుకే ఈ రివ్యూ.

అసలు పాత జీపీఎస్‌కి ఇంత హడావిడి ఎందుకని నేనూ మొదట్లో అనుకున్నాను. అమెరికా ఎగుమతి నిబంధనల్లో మామూలు వినియోగదారుల జీపీఎస్‌లు సాధారణంగా 7ఏ994 అనే వర్గంలోకి వస్తాయి. సెకనుకి 600 మీటర్ల వేగం దాటినా దారి చెప్పేలా తయారైన రిసీవర్లకి వేరే వర్గం ఉంది, అది క్షిపణుల వ్యవహారం, మనకి అక్కర్లేదు. 7ఏ994 వస్తువుకి చాలా దేశాలకి లైసెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, అవసరం లేదు. కానీ క్యూబా, ఇరాన్, ఉత్తర కొరియాలకి మనంతట మనం పంపకూడదు. 2022 ఫిబ్రవరి 24 నుంచి రష్యాకి, మార్చి 2 నుంచి బెలారస్‌కి కూడా లైసెన్స్ లేకుండా పంపడానికి లేదు. ఒక పార్సిల్‌లో ఒకే కస్టమ్స్ కోడ్ కింద వచ్చే సరుకు 2500 డాలర్లు దాటితే ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో ఎగుమతి వివరాలు దాఖలు చేయాలి. చైనాకైతే ఈ వర్గం వస్తువు విలువ ఎంత తక్కువైనా చేయాల్సిందే.

ఇవన్నీ నాకు మొదటి ఏడాది ఎవరూ చెప్పలేదు. పార్సిల్ కౌంటర్‌లో ఉన్నాయన కస్టమ్స్ ఫారం మీద "ఎలక్ట్రానిక్స్ అని రాస్తే చాలమ్మా" అన్నట్టు మాట్లాడాడు, నేను అలాగే రాశాను. ఆ డబ్బా బ్రెజిల్ దాకా వెళ్లి, ఏడు వారాల తర్వాత మూలలు నలిగిపోయి మా గుమ్మం ముందుకి తిరిగొచ్చింది. డబ్బు వెనక్కి ఇచ్చాను, ఆ కొన్నతను మళ్లీ రాలేదు. అప్పటినుంచి "వాడిన చేతి జీపీఎస్ రిసీవర్, బ్యాటరీలు లేవు" అని విడమర్చి రాసి, పక్కన 8526.91 అనే కస్టమ్స్ కోడ్ వేస్తున్నాను. మళ్లీ ఒక్కటీ తిరిగి రాలేదు.

ఇక సెర్చ్ సంగతి. పేరు కొట్టే పెట్టె ఉంటుంది, దాని దగ్గరే ఫజ్జీ నేమ్ అనే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్ చేస్తే స్పెల్లింగ్ అటూ ఇటూ అయినా పట్టుకుంటుంది, ఎంత దగ్గరగా ఉందో స్కోరు కూడా ఇస్తుంది. ఇది నాకు చాలా నచ్చింది. మన పేర్లనే చూడండి, ఒకే పేరుని ఇంగ్లిష్‌లో ఇంట్లో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. అరబ్బీ, రష్యన్ పేర్లదీ అదే తంతు. కాకపోతే ఖాన్ లాంటి పేరు కొడితే పేజీలకి పేజీలు వస్తాయి. అక్కడే తొందరపడకూడదు. పేరు కలిసిందని ఆర్డర్ కొట్టేయడం అన్యాయం. పుట్టిన తేదీ, చిరునామా, దేశం పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు వేరే మనిషని రెండు నిమిషాల్లో తేలిపోతుంది. నిజంగానే కలిస్తే ఏ జాబితాలో ఉన్నాడో చూడాలి. డినైడ్ పర్సన్స్ లిస్ట్‌లో ఉంటే అమ్మకం అక్కడితో ఆపేయాలి. ఎంటిటీ లిస్ట్ అయితే లైసెన్స్ కావాలి. అన్‌వెరిఫైడ్ లిస్ట్ అయితే అది హెచ్చరిక.

చిరునామా కూడా కొట్టి చూడండి, చాలామంది ఈ పని చేయరు. డొల్ల కంపెనీలు పేర్లు మార్చుకుంటూ పోతున్నాయని 2024 జూన్‌లో హాంకాంగ్‌లోని ఎనిమిది చిరునామాలనే నేరుగా ఎంటిటీ లిస్ట్‌లోకి ఎక్కించారు. పేరు ఏదైనా సరే, ఆ చిరునామాకి వెళ్తుందంటే ఆగాల్సిందే.

అయినా ఈ సెర్చ్‌కి చిక్కనిది ఒకటుంది. పోయినేడు ఒకతను ఒకేసారి పన్నెండు ఈట్రెక్స్ 30లు అడిగాడు. ఇస్తాంబుల్‌లోని ఒక సరుకు రవాణా కంపెనీకి పంపమన్నాడు. పేరు కొట్టాను, ఏమీ రాలేదు. చిరునామా కొట్టాను, ఏమీ రాలేదు. అమ్మేయొచ్చు కదా అనిపించింది, అబద్ధం చెప్పను. కానీ జపాన్ ఆయన ఒక్క పరికరం కొనే ముందు మ్యాప్ ఎక్కుతుందా, తడిస్తే తట్టుకుంటుందా, రష్యా ఉపగ్రహాల వ్యవస్థ గ్లోనాస్ ఉందా అని తొమ్మిది ప్రశ్నలు అడిగాడు. ఇతను ఒక్కటీ అడగలేదు, ధర కూడా బేరమాడలేదు. "ఎక్కడ వాడతారు?" అని రాశాను. "డబ్బు ఇవాళే పంపుతా" అని జవాబొచ్చింది. మళ్లీ అడిగాను, అదే జవాబు. వాణిజ్య శాఖ ప్రమాద సూచనల జాబితాలో ఇవన్నీ ఉన్నాయి: రవాణా కంపెనీయే చివరి చిరునామాగా ఉండటం, దేనికి వాడతారో చెప్పకపోవడం. ఆర్డర్ రద్దు చేశాను. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. ఆ చిన్న డబ్బాలు ఏ యుద్ధంలో ఎవరి చేతిలోకి పోయేవో అన్న ఆలోచనే.

ఎంటిటీ లిస్ట్ పాత సంగతులు చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. మాది సూళ్లూరుపేట. చిన్నప్పుడు డాబా ఎక్కి రాకెట్లు చూసినవాళ్లం. 1998 అణుపరీక్షల తర్వాత మా శ్రీహరికోట షార్ కూడా ఈ లిస్ట్‌లోకి ఎక్కింది, 2011 జనవరిలో తీసేశారు. నాన్న బతికుంటే ఫోన్ చేసి చెప్పేదాన్ని.

అయిదు స్టార్లకి నాలుగిస్తాను. పేర్ల వెతుకులాటకి ఇంతకన్నా మంచి ఉచిత సాధనం నాకు తెలియదు. ఆ ఒక్క స్టార్ ఎందుకు తగ్గించానంటే, వస్తువు ఏ వర్గమో, ఏ దేశానికి లైసెన్స్ కావాలో ఈ సెర్చ్ చెప్పదు. దానికి తయారీ కంపెనీ ఇచ్చే వర్గీకరణ చూసుకుని, నిబంధనలు విడిగా చదువుకోవాలి. ఆ భాష లాయర్ల కోసం రాసినట్టుంటుంది. ఒక చిన్న అమ్మకందారుకి అర్థమయ్యేలా రెండు పేజీలు రాసిపెడితే ఎంత మేలో! ఇంకొక మాట, వెతికిన ప్రతిసారీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఎగుమతి రికార్డులు అయిదేళ్లు ఉంచాలి.

అవతలి దేశం రూల్స్ కూడా ఇందులో ఉండవు. మొన్న హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "అత్తా, స్పితి ట్రెక్‌కి వెళ్తున్నాం, అక్కడ సిగ్నల్ ఉండదు, ఇన్‌రీచ్ ఒకటి పంపవా?" అన్నాడు. వాడి పేరు కొడితే సున్నా ఫలితాలు. కానీ ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం ఇండియాలో టెలికాం శాఖ అనుమతి లేకుండా పెట్టుకోకూడదు. విదేశీ ట్రెక్కర్లు ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడ్డారు కూడా. కుదరదన్నాను, వాడు అలిగాడు. వాడికి ఈట్రెక్స్ 30 పంపాను, హిమాచల్ మ్యాప్ ఎక్కించి. అది సిగ్నల్ అందుకోవడమే తప్ప ఎక్కడికీ ఏమీ పంపదు. కస్టమ్స్ సుంకం వాడే కట్టుకున్నాడు. స్పితిలోని కాజా నుంచి ఫోటో పెట్టాడు, మెడలో తాడుకి వేలాడుతోంది.