విడాకుల పని నేర్చుకోవాలంటే: వకీలు ఆఫీసా, లీగల్ ఎయిడా, డిప్లొమానా?

మా చిన్నమ్మ కూతురు డిగ్రీ పూర్తి చేసి హాలియాలో ఇంటి దగ్గరే ఉంటోంది. బతుకమ్మ పండక్కి వచ్చినప్పుడు అడిగింది: "అక్కా, ఫ్యామిలీ కేసుల పని నేర్చుకుందామనుకుంటున్న. పారాలీగల్ డిప్లొమా ఉందంటున్నరు. నువ్వేమో వకీలు సాబ్ దగ్గర చేస్తున్నవ్. ఏది మంచిది?" ఆ రోజు సగం సగం చెప్పాను. మిగతాది తీరిగ్గా రాస్తున్నాను. ఇదే ప్రశ్న నన్ను ఇంకా చాలామంది అడిగారు.

ముందే ఒక మాట. నల్లగొండలో గానీ పాలమూరులో గానీ 'పారాలీగల్ కావలెను' అనే ప్రకటన నేనైతే చూడలేదు. ఆ పని మాత్రం ఉంది. వకీలు దగ్గర చేస్తే క్లర్క్ అంటారు, పెద్దవాళ్లు ఇప్పటికీ గుమస్తా అనే పిలుస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ (ఉచిత న్యాయసాయం చేసే సర్కారు సంస్థ, జనం లీగల్ ఎయిడ్ అంటారు) కింద చేస్తే పారా లీగల్ వాలంటీరు, పొట్టిగా పీఎల్‌వీ. నేను రెండేళ్లు పీఎల్‌వీగా చేసి, తర్వాత తొమ్మిదేళ్లుగా నల్లగొండలో ఒక వకీలు ఆఫీసులో క్లర్క్‌గా ఉన్నాను. ఈ రెండింటిలో ఏది చేసినా జడ్జి ముందు నిలబడి వాదించే హక్కు రాదు. 1961 నాటి అడ్వకేట్స్ యాక్ట్ ప్రకారం అది బార్ కౌన్సిల్‌లో పేరు నమోదైన (ఎన్‌రోల్ అయిన) వకీళ్ల పని. ఈ సంగతి తెలిసే రావాలి.

వకీలు ఆఫీసులో మొదటి నెల జిరాక్సులు, వకాలత్‌కు స్టాంపులు అంటించడం, వాయిదా డైరీ రాయడం. నాకు ఆ నెల ఆరు వేలు ఇచ్చారు. మూడో నెలలో పరస్పర అంగీకార విడాకుల పిటిషన్ నా చేతికొచ్చింది. హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్, 1976లో చేర్చింది. చూడ్డానికి తేలిక. ఇద్దరూ కలిసి వేస్తారు, కొట్లాట ఉండదు. పాత డ్రాఫ్ట్ తీసి పేర్లు, తేదీలు మార్చేసి ఫైల్ చేయించాను. నాలుగో రోజు ఆబ్జెక్షన్ షీట్‌తో, అంటే కోర్టు ఆఫీసు తప్పులు రాసిన కాగితంతో, రిటర్న్ వచ్చింది. పిటిషన్‌లో మార్చి నుంచి విడిగా ఉంటున్నామని, భార్య అఫిడవిట్‌లో మే నుంచి అని ఉంది. పిటిషన్ వేసిన తేదీకి మార్చి నుంచి లెక్కేస్తే ఏడాది దాటుతుంది, మే నుంచి లెక్కేస్తే దాటదు. ఏడాది విడిగా ఉండకపోతే ఆ సెక్షన్ కింద పిటిషనే నిలవదు. పైగా పాత డ్రాఫ్ట్‌లోని 'ఇద్దరు మైనర్ పిల్లలు' అలాగే ఉండిపోయారు. వీళ్లకసలు పిల్లలే లేరు. మా సీనియర్ తిట్టలేదు, షీట్ నా ముందు పెట్టి "చదువు" అన్నాడంతే.

ఆ రిటర్న్ షీట్లే నాకు పాఠాలు. కోర్టు పరిధి పేరా కూడా వాటి వల్లే ఒంటబట్టింది. పెళ్లి నకిరేకల్ ఫంక్షన్ హాల్లో జరిగింది, కాపురం ఎల్బీనగర్‌లో, భర్త ఇప్పుడు ఉద్యోగం మీద కోదాడలో, భార్య దేవరకొండలో తల్లిగారింట్లో ఉన్నారనుకోండి. భార్య కేసు వేయాలంటే నాలుగు దార్లున్నాయి: పెళ్లి జరిగిన చోటు, చివరిసారి కలిసి కాపురమున్న చోటు, భర్త ఉన్న చోటు, తానున్న చోటు. ఈ చివరిది 2003 సవరణతో వచ్చింది. అదే భర్త వేయాలంటే, తను కోదాడలో ఉంటున్నానన్న ఒక్క కారణంతో అక్కడ వేయడం మామూలుగా కుదరదు. దీని మీద మన జిల్లాల లెక్క ఒకటి. 2016లో నల్లగొండ మూడు ముక్కలైంది, మహబూబ్‌నగర్ ఇంకా ఎక్కువ. కోర్టులు మాత్రం 2022 జూన్ 2 నుంచే కొత్త జిల్లాల వారీగా విడిపోయాయి. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో పాత జిల్లా, ఆధార్‌లో కొత్త జిల్లా ఉంటే పిటిషన్‌లో ఏది రాయాలో క్లర్క్‌కు తెలిసినంతగా పుస్తకానికి తెలియదు.

పాలమూరు వైపు పనిచేసేవాళ్లకు ఇంకో తలనొప్పి, సమన్లు. భర్త ముంబయికో పుణెకో పనికి పోయుంటాడు. అడ్రస్ అడిగితే "సైటు మీద ఉంటడు" అంటారు. నోటీసు తిరిగొస్తుంది, కొత్త అడ్రస్ వెతికి మళ్లీ ప్రాసెస్ ఫీజు కట్టాలి, ఇంకో వాయిదా పోతుంది. నారాయణపేట, మక్తల్ వాళ్లకు కర్ణాటకలోని రాయచూరు, యాద్గిర్ సంబంధాలు ఎక్కువ. భర్త అక్కడ, భార్య ఇక్కడ కేసులు వేసుకుంటే, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి బదిలీ సుప్రీంకోర్టే చేయాలి. మాట వరసకు తెలియడం వేరు, ఆ ఫైలు మోసుకుంటూ తిరగడం వేరు.

అయితే వకీలు ఆఫీసులో ఒక లోపం ఉంది, దాన్ని తక్కువ చేసి చెప్పను. ఎలా రాయాలో చెప్తారు, ఎందుకలా రాయాలో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. భరణం పిటిషన్ అంటే పాత సీఆర్‌పీసీలో 125వ సెక్షన్ అని చేతికి అలవాటైపోయింది. 2024 జూలై 1 నుంచి అది, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌ చట్టంలో 144. నంబర్ మారిందని తెలుసుకుని ఊరుకున్నాను, లోపలేం మారిందో చాలా రోజులు చదవనే లేదు. ఇంకొకటి, మన దగ్గరికి వచ్చేది ఏం కావాలో తేల్చుకుని ఫీజు మాట్లాడుకున్న మనిషి. తేల్చుకోని మనిషి వకీలు ఆఫీసు మెట్లెక్కదు.

ఆ మనిషి వచ్చేది లీగల్ ఎయిడ్ దగ్గరికి. పీఎల్‌వీగా నా రెండేళ్లలో సగం పని వినడమే. ఓ మధ్యాహ్నం మునుగోడు వైపు నుంచి ఒకామె వచ్చింది. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది, అందులో నాలుగు మడతలు పెట్టిన వంద రూపాయల స్టాంపు పేపరు. 'ఇద్దరం రాజీగా తెగతెంపులు చేసుకున్నాం, ఒకరి మీద ఒకరికి హక్కులు లేవు' అని రాసి, కింద పెద్దమనుషుల సంతకాలు, ఆమె వేలిముద్ర. మడతల దగ్గర అక్షరాలు పోయాయి. "గిది విడాకులేనా అక్కా? ఆయన మల్ల పెండ్లి చేసుకున్నడు" అంది.

జవాబు ఒక్క ముక్కలో రాదు. ఆ కులంలో ఆచారం ప్రకారం విడిపోవడం పూర్వం నుంచీ ఉందని రుజువైతే హిందూ వివాహ చట్టం దాన్ని కాదనదు, 29వ సెక్షన్‌లో ఆ మాట ఉంది. రుజువు కాకపోతే ఆ కాగితం విడాకులు కాదు, ఆమె ఇంకా భార్యే. అప్పుడు ఆయన రెండో పెళ్లి మీద వేరే కేసు అవుతుంది. నేను ఇదంతా చెప్పబోతుంటే ఆమె అడ్డుపడింది: "గవన్ని నాకొద్దు. పిల్లగాని ఫీజుకు పైసలిప్పియ్యండ్రి."

ఆమెకు కావాల్సింది విడాకులు కాదు. వచ్చే ఆడవాళ్లలో చాలామంది 'విడాకులు' అనే మాటతోనే మొదలుపెడతారు, పది నిమిషాలు కూర్చోబెడితే భరణమో, ఉండటానికి ఇల్లో, కొట్టకుండా ఉంటే చాలనో బయటికొస్తుంది. భరణానికి 144, దెబ్బలు, ఇంట్లోంచి గెంటేయడం ఉంటే 2005 గృహహింస చట్టం, విడాకుల కేసు నడుస్తుంటే అందులోనే హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం. ఏ తలుపు తట్టాలో తేల్చడమే పీఎల్‌వీ అసలు పని. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ ఉచితంగా వకీలును పెడతారు, ఎస్సీ ఎస్టీలకు కూడా. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్లు నమ్మనట్టే చూశారు. లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయొచ్చని కూడా వాళ్లకు తెలియదు. ఇక లోక్ అదాలత్ రోజు వస్తే ఒక్కపూటలో విడాకులిస్తారని ఊళ్లల్లో గట్టి నమ్మకం. జాతీయ లోక్ అదాలత్‌కు పెట్టే కేసుల జాబితాలో 'విడాకులు మినహా వైవాహిక తగాదాలు' అని ఉంటుంది.

పీఎల్‌వీకి లోటు డబ్బు. జీతం కాదు, డ్యూటీ వేసిన రోజుకు గౌరవ భృతి. దాని మీద ఇల్లు నడవదు. పార్టీల దగ్గర రూపాయి తీసుకోకూడదు, చాయ్ డబ్బులు కూడా. పదో తరగతి చదివి, ఊళ్లో నలుగురూ నమ్మేవాళ్లయితే చాలు. అంగన్‌వాడీ టీచర్లు, రిటైరైన మాస్టార్లు, లా విద్యార్థులు ఎక్కువగా వస్తారు. ఎంపికయ్యాక శిక్షణ ఇస్తారు. ఇంకో లోటు నన్ను బాగా బాధపెట్టింది. దరఖాస్తు రాయించి లోపలికి పంపాక ఆ కేసు ఏమైందో మనకు తెలియదు. స్టాంపు పేపరు ఆమెకు వకీలును ఇచ్చారు, అంతవరకే నాకు తెలుసు. తర్వాత ఎన్ని వాయిదాలైందో, ఆ పిల్లవాడి ఫీజు ఎవరు కట్టారో తెలియదు.

డిప్లొమా గురించి ఎక్కువ లేదు. ఇగ్నోలో పారాలీగల్ ప్రాక్టీస్ డిప్లొమా ఉంది, ఏడాది కోర్సు, ఇంటర్ ఉంటే చేరొచ్చు. తెలుగు మీడియం లేదు. అది చూపిస్తే నల్లగొండలో ఏ వకీలూ జీతం పెంచడు. కానీ చదువును కొట్టిపారేయను, కారణం చెప్తాను. ఒకసారి చందంపేట వైపు తండా నుంచి భార్యాభర్తలు రాజీ విడాకులకు వచ్చారు. నేను అలవాటుగా 13బి డ్రాఫ్ట్ మొదలుపెట్టాను. మా ఆఫీసులో కొత్తగా చేరిన లా స్టూడెంట్ పక్కనుంచి "అక్కా, వీళ్లు లంబాడీలు కదా" అన్నాడు. హిందూ వివాహ చట్టం రెండో సెక్షన్‌లోనే ఉంది, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని. వాళ్ల ఆచారం ఏమిటి, పంచాయితీలో ఏం జరిగింది, దాని మీద డిక్లరేషన్ (ఆ విడిపోవడం చెల్లుతుందన్న కోర్టు ప్రకటన) అడగాలా అని ఆలోచన అక్కడి నుంచి మొదలవ్వాలి. తొమ్మిదేళ్ల క్లర్క్‌కు తట్టనిది మూడు నెలలు పుస్తకం చదివిన కుర్రాడికి తట్టింది. దేవరకొండ, అచ్చంపేట చుట్టూ ఎన్ని తండాలున్నాయో అందరికీ తెలుసు. అందుకే చట్టం పుస్తకం సెకండ్ హ్యాండ్‌దైనా సరే, కొని పక్కన పెట్టుకోమంటాను. డిప్లొమా ఫీజు కన్నా అది చవక.

ఎల్‌ఎల్‌బీ వేరే దారి. లాసెట్ రాసి, డిగ్రీ మీదైతే మూడేళ్లు రెగ్యులర్‌గా చదవాలి. దూరవిద్య ఎల్‌ఎల్‌బీతో ఎన్‌రోల్ కానివ్వరు, ఎవరైనా అలా చెప్పి ఫీజు అడిగితే కట్టకండి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్‌కు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి చివర్లో పడే ఆ భారం తగ్గింది. కోర్టులో మాట్లాడాలన్న కోరిక ఉన్నవాళ్లు మిగతావన్నీ పక్కనపెట్టి ఇటే పోవాలి.

మా చెల్లికి నేను చెప్పింది: ముందు పీఎల్‌వీ, ఆ తర్వాత వకీలు ఆఫీసు. చాలామంది తిరగేసి చెప్తారు, ముందు డ్రాఫ్టింగ్ వస్తే అన్నీ వస్తాయని. నాకలా అనిపించదు. ఫార్మాట్ చేతికి అలవాటయ్యాక ఎదుటి మనిషి చెప్పేది వినడం తగ్గుతుంది. భర్త పేరు, పెళ్లి తేదీ, విడిపోయిన తేదీ, చాలు, ఇక రాసేద్దాం అనిపిస్తుంది. నాకే ఇప్పుడు అలా అవుతోంది. కానీ నెల నెలా చేతికి డబ్బు రావాల్సిన ఇంటి పిల్లయితే ఈ సలహా పనికిరాదు. నేరుగా ఆఫీసులో చేరి, నెలకో పూట సెలవు అడిగి లీగల్ ఎయిడ్ ఫ్రంట్ ఆఫీసు దగ్గర కూర్చుని చూడటమే దారి.

ఆమె ఇంకా తేల్చుకోలేదు. పోయిన శనివారం వచ్చి మా ఆఫీసులో రెండు గంటలు కూర్చుంది. ఒక పాత డిస్పోజల్ ఫైలు, అంటే ముగిసిపోయిన కేసు ఫైలు ఇచ్చి, అందులో ఉన్న తేదీలన్నీ వరసగా కాగితం మీద రాయమన్నాను. పెళ్లి తేదీ రెండు చోట్ల రెండు రకాలుగా ఉందని పట్టుకుని, "అక్కా, ఇది రిటర్న్ రాలేదా?" అని అడిగింది. కింది పేజీలు తిప్పి చూడమన్నాను.