పాత జీపులో డీఐ టర్బో ఇంజన్: కంపెనీ మానిఫోల్డే ఉంచుకుంటే ఎలా ఉంటుంది

తీర్పు ముందే చెప్పేస్తాం. పాత మహీంద్రా జీపులో 2112 సీసీ పేజో ఇంజన్ దించేసి 2523 సీసీ డీఐ టర్బో ఎక్కించేవాళ్లు పైపులతో కొత్త మానిఫోల్డ్ (ఇంజన్ పొగను పోగుచేసి టర్బోకు చేర్చే భాగం) కట్టించుకోనక్కర్లేదు. ఇంజన్‌తో వచ్చిన బీడు (పోత ఇనుము) మానిఫోల్డ్ చాలు. భాకరాపేట ఘాట్‌లోనూ, చిత్తూరు నుంచి పలమనేరుకెక్కే మొగిలి ఘాట్‌లోనూ, తోతాపురి మామిడి సీజన్‌లో ట్రైలర్ తగిలించి ఏళ్లుగా తిప్పినా బీడు పగల్లేదు. లీకులూ పగుళ్లూ వచ్చినవన్నీ దానికి మనం చేర్చిన వాటిలోనే: స్టడ్లు (మానిఫోల్డ్‌ను బిగించే మర కడ్డీలు), అడాప్టర్, ఆయిల్ పైపు, సైలెన్సర్ మొదటి ముక్క.

కంపెనీ మానిఫోల్డ్‌తో అసలు చిక్కు టర్బో (పొగ వేగానికి తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టేది) కూర్చునే చోటు. అది బొలెరో బానెట్ కింద ఖాళీని బట్టి పోసినది. జీపులో చాసిస్ లెగ్గో, స్టీరింగ్ కాలమో, ఫుట్‌వెల్ రేకో అడ్డొస్తుంది. ఇంజన్‌ను మౌంట్ల మీద కూర్చోబెట్టి, గేర్‌బాక్స్ బిగించాకే కొలతలు తీయాలి. టర్బోకీ కదలని భాగాలకీ మధ్య కనీసం 25 మిల్లీమీటర్లు ఉండాలి, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ మౌంట్ల మీద పక్కకు వాలుతుంది.

మానిఫోల్డ్‌ను తలకిందులుగా తిప్పి బిగించడం కుదురుతుందేమో ముందు చూడండి. పాత గాస్కెట్‌ను (జాయింటు మధ్య సందు మూసే పలక) తిరగేసి ఇంజన్ హెడ్ మీద పెడితే నిమిషంలో తేలిపోతుంది: పోర్టులూ, స్టడ్లూ రెండూ కలిస్తే తిప్పొచ్చు, లేదంటే ఆ ఆలోచన వదిలేయాలి. తిప్పితే టర్బో పైకి లేస్తుంది కాబట్టి ఆయిల్ దిగడానికి వాలు బాగా దొరుకుతుంది, కానీ బానెట్‌కు తగలకుండా చూసుకోవాలి.

తిప్పడం కుదరకపోతే అడాప్టర్ చేయించాలి. బీడును ముట్టుకోకుండా మానిఫోల్డ్‌కూ టర్బోకూ మధ్య బోల్టులతో బిగిసే ముక్క అది. 12 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ ఫ్లాంజ్‌లు (బోల్టు రంధ్రాలున్న ప్లేట్లు) రెండు, మధ్యలో మందపాటి గొట్టం. 8 మిల్లీమీటర్ల ప్లేటు వెల్డింగ్ వేడికే వంగిపోతుంది. రెండు ఫ్లాంజ్‌లనూ ఒక దిట్టమైన ప్లేటుకు బిగించి వెల్డింగ్ చేయించి, చల్లారాక లేత్ మీద రెండు ముఖాలూ ఫేసింగ్ కొట్టించాలి, అంటే చదును చేయించాలి. ఫేసింగ్ వెల్డింగ్‌కు ముందు కొట్టిస్తే ఆ డబ్బు దండగ. లోపల గ్యాస్ దారిలో మెట్టు పడితే అది చిన్న రంధ్రం నుంచి పెద్ద రంధ్రంలోకి వెళ్లే వైపు ఉండాలి. గ్యాస్‌కు ఎదురుగా అంచు నిలబడితే టర్బో లేటుగా లేస్తుంది. అడాప్టర్ పొడవు ఎంత తక్కువైతే అంత మంచిది: టర్బో దూరం జరిగేకొద్దీ దాని బరువు మానిఫోల్డ్ మెడ మీద మరింత ఊగుతుంది.

స్టడ్ల దగ్గర తొందరపడొద్దు. 400 మిల్లీమీటర్ల బీడు మానిఫోల్డ్ 30 డిగ్రీల నుంచి 600 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 2.5 మిల్లీమీటర్లు సాగుతుంది. హెడ్ 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి దానికి ఆ సాగుడు లేదు. ఈ తేడా కొసన ఉన్న స్టడ్ల మీద పడుతుంది. మధ్య రంధ్రాలను మామూలుగా 9 మిల్లీమీటర్లే ఉంచి, రెండు కొసల రంధ్రాలను 10.5కి పెంచాలి, లేదా అడ్డంగా కోలగా రాయించాలి. అది చేయకపోతే కొస స్టడ్డు విరుగుతుంది, విరిగింది హెడ్‌లోనే ఇరుక్కుంటుంది. గట్టి స్టడ్డు వేసినంత మాత్రాన ఇది తీరదు, స్టడ్డు నిలిస్తే పోత పగులుతుంది.

స్ప్రింగ్ వాషర్లు వాడొద్దు. వేడికి వాటి బిగువు పోయి మామూలు రింగులైపోతాయి. మందమైన సాదా వాషర్, రాగి పూత ఉన్న లాక్ నట్టు, మర మీద వేడికి ఆగే నికెల్ గ్రీజు చాలు. 8 మిల్లీమీటర్ల స్టడ్డును 22 నుంచి 25 న్యూటన్ మీటర్ల బిగువుతో, మధ్య నుంచి కొసలకు బిగించాలి. మొదటి కొన్ని వేడి-చల్లారే విడతల తర్వాత పూర్తిగా చల్లబడ్డాక మళ్లీ బిగించాలి. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్‌టిక్‌మని వినిపించి, వేడెక్కాక ఆగిపోతే గాస్కెట్ దగ్గర లీకున్నట్టే. గాస్కెట్ అంచున మసి చారలు చోటు చూపిస్తాయి. అంతకుముందే మానిఫోల్డ్ ముఖాన్ని స్ట్రెయిట్ ఎడ్జ్‌తో చూసుకుని ఉండాలి. దాని కిందికి 0.10 మిల్లీమీటర్ల ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరితే హెడ్ ఫేసింగ్ చేసే షాపులో కొట్టించాల్సిందే. సీలెంట్ పూసి బిగిస్తే రెండో వారానికే మసి కక్కుతుంది.

టర్బోకు ఇంజన్ బ్లాకు నుంచి సపోర్ట్ బ్రాకెట్ కావాలి, బాడీ నుంచో చాసిస్ నుంచో కాదు. దాని తర్వాతి పైపులో 100 నుంచి 150 మిల్లీమీటర్ల ఫ్లెక్స్ బెలో (అటూ ఇటూ వంగే ముడతల గొట్టం) తప్పనిసరి. సైలెన్సర్ షాపుల్లో ఎక్కువగా ఎగ్గొట్టేది దీన్నే. అది లేకపోతే ఇంజన్ ఊగిన ప్రతిసారీ సైలెన్సర్ మొత్తం మానిఫోల్డ్‌ను లాగుతుంది. పగిలాక నింద మాత్రం బీడు మీదికి పోతుంది.

ఆయిల్ తిరిగొచ్చే పైపు లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పైనుంచి కిందికి ఎక్కడా గుంట పడకుండా వాలాలి, సంప్‌లో (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. అడాప్టర్‌తో టర్బో కిందికి దిగితే మొదట దెబ్బతినేది ఈ వాలే. ఘాట్ దిగి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నీలం పొగ వస్తే టర్బో సీల్ పోయిందని మార్పించే ముందు ఈ పైపు, క్రాంక్‌కేస్ బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) రెండూ చూడాలి.

మానిఫోల్డ్‌కు చుట్టే వేడి గుడ్డ మాకు నచ్చలేదు. తేమ పట్టి ఉంచుతుంది, పోత మరింత కాగుతుంది, పగులు వచ్చినా కనపడదు. 10 మిల్లీమీటర్ల గాలి సందు వదిలి బిగించిన రేకు షీల్డ్ మేలు. టర్బో ముందు ఉష్ణోగ్రత గేజ్ పెట్టుకుంటే మొగిలి ఎక్కుడులో 700 డిగ్రీలు దాటకుండా గేరు దించొచ్చు. మేలో మిట్టమధ్యాహ్నం ఆ ముల్లు త్వరగా లేస్తుంది. పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచినవాళ్ల బండిలో మానిఫోల్డ్ నిలవదు, అందులో మానిఫోల్డ్ తప్పేమీ లేదు. ఎక్కుడు అయ్యాక ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపాలి.

పగిలిన బీడును వెల్డ్ చేయించడం గురించి: పగులు రెండు కొసల్లో 3 మిల్లీమీటర్ల రంధ్రం, వీ గాడి, 250 నుంచి 300 డిగ్రీల ముందువేడి, నికెల్-ఇనుము రాడ్డు, ఒక్కో విడత 25 మిల్లీమీటర్లకు మించకుండా, వెంటనే సుత్తితో తేలికగా కొట్టి, చివరికి పొడి సున్నంలోనో బూడిదలోనో పూడ్చి మర్నాటి దాకా వదిలేయాలి. ఇంత చేసినా వెల్డు పక్కన బీడు పెళుసెక్కి మళ్లీ అక్కడే విరిగే అవకాశం ఉంది. దారిలో బండి నడవడానికి పనికొస్తుంది, అంతకుమించి నమ్మొద్దు. స్క్రాప్‌లో పగులు లేని మానిఫోల్డ్ వెతకడమే నయం.

స్టెయిన్‌లెస్ పైపు మానిఫోల్డ్ చూడ్డానికి బాగుంటుంది. బీడు కంటే సుమారు ఒకటిన్నర రెట్లు సాగుతుంది కాబట్టి జాయింట్ల దగ్గర పగుళ్లు మొదలవుతాయి. 63 హార్స్‌పవర్ డీజిల్‌కు దానివల్ల దక్కే లాభం డ్రైవర్‌కు తెలియనంత చిన్నది.

కాగితాల సంగతి: ఇంజన్ మార్పు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. వేరే రకం ఇంజన్‌కు అనుమతి ఇస్తారన్న భరోసా లేదు, కాబట్టి ఇంజన్‌కు బయానా ఇవ్వకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఇస్తే ఆర్సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించి, అదే ఇన్సూరెన్స్‌లోనూ మార్పించాలి.