సాఫ్ట్ ఫోర్కా, డేట్ పెట్టి హార్డ్ ఫోర్కా? ఏది మేలు?

మొన్న లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతా ఉంటే మా తమ్ముడి ఫ్రెండ్ అడిగినాడు, "అన్నా, బిట్‌కాయిన్ వాళ్ళు ఒక్క మార్పుకి ఏళ్ళు లాగుతారు, మొనేరో వాళ్ళు డేట్ చెప్పి మార్చేస్తారు, ఏది మేలు?" అని. రెండూ క్రిప్టో కాయిన్లే, మొనేరో అయితే ఎవరు ఎవరికి పంపినారో దాచేది. అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయినా, అందుకే ఇప్పుడు రాస్తా ఉండా.

ఫోర్క్ అంటే నెట్‌వర్క్ రూల్స్ మార్చడం. హార్డ్ ఫోర్క్ అంటే ఫలానా బ్లాక్ (లావాదేవీలు కట్టగట్టి రాసే పేజీ లాంటిది) నుంచి రూల్స్ కొత్తవి, పాత వెర్షన్ పెట్టుకున్నోడు అక్కడే ఆగిపోతాడు. సాఫ్ట్ ఫోర్క్‌లో ఉన్న రూల్స్‌నే ఇంకా బిగిస్తారు, అప్‌డేట్ చేయనోడి నోడ్ (ఆ రూల్స్ చెక్ చేస్తా నెట్‌వర్క్‌లో నడిచే కంప్యూటర్) కూడా నడుస్తానే ఉంటాది, కాకపోతే కొత్త రూల్‌ని అది చెక్ చేయలేదు.

ఆగిపోవడం ఎట్లుంటాదో నాకు బాగా తెలుసు. 2022 ఆగస్టులో మొనేరో రింగ్ సైజ్‌ని (పంపినోడెవరో తెలీకుండా ఎంతమందితో కలిపి చూపిస్తారనే లెక్క) హార్డ్ ఫోర్క్‌తో 11 నుంచి 16కి మార్చినారు. నేను అక్క పెళ్ళి పనుల్లో చిత్తూరులో ఉండి ఆ సంగతే మర్చిపోయినా. బైరాగిపట్టెడ రూముకి తిరిగొచ్చి మానిటర్ ఆన్ చేస్తే నా మొనేరో నోడ్‌లో 2688888వ బ్లాక్ దగ్గర నెంబర్ బిగుసుకుపోయి ఉంది, కింద ఎర్ర లైన్లు ఒకదాని మీద ఒకటి పడతా ఉండాయి. డబ్బులు ఎక్కడికీ పోలేదు, కానీ కొత్త వెర్షన్ వేసేదాకా ఎవరికీ పంపలేను. తప్పు నాదే, వాళ్ళు ముందే చెప్పినారు, అయినా సొంత టైంలో ఊరికే పని చేసే డెవలపర్లు ఎంతమందికని ఫోన్ చేసి లేపుతారు?

డేట్ పద్ధతిలో మంచి కూడా ఉంది. బ్రహ్మోత్సవాలకి డేట్ పడితే ఊరంతా దానికి తగ్గట్టు సర్దుకున్నట్టే, ఎక్స్‌చేంజీలు, వాలెట్లు అన్నీ ఆ రోజుకి రెడీ అవుతాయి, మైనర్లని (కొత్త బ్లాకులు చేర్చేవాళ్ళని) బతిమలాడే పని లేదు. ఒకప్పుడు మొనేరోలో ఇది దాదాపు ఆరునెలలకొకసారి జరిగేది. తర్వాత వాళ్ళే నెమ్మదించినారు, 2020 అక్టోబర్ తర్వాత మళ్ళీ 2022 ఆగస్టే. నాకైతే అదే మంచిదనిపించింది, ఆరునెలలు ఇట్టే వచ్చేస్తాయి, టెస్ట్ చేసే చేతులు మాత్రం పెరగవు.

బిట్‌కాయిన్ సంగతికొస్తే సెగ్‌విట్ (ఒక్కో బ్లాక్‌లో ఎక్కువ లావాదేవీలు పట్టేలా చేసిన సాఫ్ట్ ఫోర్క్) కోడ్ 2016 అక్టోబర్‌లోనే రిలీజ్ అయింది, మైనర్లలో 95 శాతం ఒప్పుకోవాలని రూల్, నెలల తరబడి గొడవ, చివరికి 2017 ఆగస్టు 1న ఒప్పుకోనోళ్ళు బిట్‌కాయిన్ క్యాష్ అనే వేరే కాయిన్‌గా విడిపోయినారు, అదే నెల 24న సెగ్‌విట్ అమల్లోకి వచ్చింది. అంటే సాఫ్ట్ ఫోర్క్ అయినంత మాత్రాన చీలిక రాదని కాదు. ట్యాప్‌రూట్ అనే తర్వాతి సాఫ్ట్ ఫోర్క్ ప్రశాంతంగానే జరిగింది గానీ 2018 జనవరిలో వచ్చిన ఆలోచన 2021 నవంబర్‌కి అమలైంది.

అంత లేటెందుకని కోప్పడేవాళ్ళకి నేను చెప్పేది 2018 సంగతి. బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ 0.14 వెర్షన్‌లో స్పీడ్ కోసం చేసిన ఒక మార్పు వల్ల, ఒకే ట్రాన్సాక్షన్‌లో ఒకే కాయిన్‌ని రెండుసార్లు వాడినారా లేదా అనే చెక్ తప్పిపోయింది, 0.15 వచ్చేసరికి మైనర్ ఎవడైనా తలుచుకుంటే లేని కాయిన్లు పుట్టించేయొచ్చు, మొత్తం కాయిన్లు 2 కోట్ల 10 లక్షలే అనే లిమిట్‌కి విలువే ఉండదు. అంతమంది కోడ్ చదివే ప్రాజెక్టులోనే అది ఏడాదిన్నర ఎవరి కంటా పడలేదు! సెప్టెంబర్‌లో 0.16.3తో సరిచేసినారు. దాన్ని పట్టుకుని గుట్టుగా చెప్పింది ఎవరో తెలుసా, విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ వైపు డెవలపర్. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ గౌరవం. కోడ్ రాసేవాళ్ళు దొరుకుతారు, ఇంకొకరు రాసిన కోడ్‌ని లైను లైనూ ఓపిగ్గా చదివేవాళ్ళే తక్కువ. ఉన్న ఆ కొద్దిమంది నెత్తిన డేట్ పెడితే ఏమవుతాదో ఆలోచించండి.

ఇథీరియం అనే ఇంకో పెద్ద నెట్‌వర్క్ వైపు ఫౌండేషన్ డబ్బులున్నాయి, టీములు చాలా ఉన్నాయి, అలాంటి చోట కూడా డేట్ పెట్టి 2019 జనవరిలో కాన్‌స్టాంటినోపుల్ అప్‌గ్రేడ్‌ని బగ్ దొరికిందని ఆఖరి నిమిషంలో వాయిదా వేసినారు.

జనం దాచుకున్న డబ్బులుండే నెట్‌వర్క్‌కి, వాలంటీర్లతో నడిచేదానికి, నా ఓటు సాఫ్ట్ ఫోర్క్‌కే. పెళ్ళికి పోయినోడి నోడ్ కూడా బతికుండాల. మొనేరో లాగా ప్రైవసీ కోసం లోపలి లెక్కే మార్చాల్సి వస్తే హార్డ్ ఫోర్క్ తప్పదు, అప్పుడు డేట్ పెట్టండి గానీ టెస్టింగ్ అయినాక పెట్టండి.

ఆ పిల్లోడికి కూడా అదే చెప్పినా, ఈసారి రిలీజ్ క్యాండిడేట్ (విడుదలకి ముందు టెస్టింగ్‌కి ఇచ్చే వెర్షన్) వచ్చినప్పుడు నీ పాత లాప్‌టాప్ ఎత్తుకుని రూముకి రా, నా డెస్క్‌టాప్‌లో ఒకటి, నీదాంట్లో ఒకటి వేసి రాత్రంతా నడిపి చూద్దామని. వస్తానన్నాడు.