డయల్ మార్చిన ఖరీదైన పాత వాచీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పేరున్న కంపెనీల పాత వాచీలను బాగుచేసి, కొత్త రంగు డయల్ వేసి, సగం ధరకే అమ్మే చిన్న దుకాణాలు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. అలాంటి వాచీ కొనాలనుకునేవారి కోసమే ఇది రాస్తున్నాను. ఆ వాచీ నకిలీ కాకపోవచ్చు. అమ్మేవారు మోసగాళ్లు కాకపోవచ్చు. అయినా కంపెనీ లాయర్ల నోటీసు ఆ దుకాణానికి చేరిన రోజు నుంచి మీ చేతికున్న వాచీని బాగుచేసేవారు ఉండరు, వెనక్కి తీసుకునేవారు ఉండరు, కొనేవారూ ఉండరు. మా ఇంట్లో జరిగింది ఇదే.

నేను డాలస్ దగ్గర ఉంటాను. అన్నయ్య హైదరాబాదులో, చెల్లి పుణెలో. నాన్నగారు రాజమండ్రిలో బడిపంతులుగా పనిచేసినన్నాళ్లూ పొద్దున్నే కీ ఇచ్చుకునే హెచ్‌ఎంటీ వాచీ ఒక్కటే పెట్టుకున్నారు. ఆయన షష్టిపూర్తికి ముగ్గురం తలా కొంత వేసుకుని 4,600 డాలర్లకు ఒక స్విట్జర్లాండ్ వాచీ కొన్నాం. దుకాణం అమెరికాలోనే వేరే రాష్ట్రంలో ఉంది. వాచీ 1990ల నాటిది. నెమలికంఠం రంగు డయల్, కొత్తగా మెరిసే బెజెల్, అంటే అద్దం చుట్టూ పైన కనిపించే వలయం. బిల్లు మీద ‘సర్వీసు చేసిన పాత వాచీ, అసలైనది’ అని రాశారు. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, కొన్ని విడిభాగాలు మార్చి ఉండవచ్చని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని నేను చదివాను. పాత వస్తువు కదా, ఏదో స్క్రూ మార్చి ఉంటారనుకున్నాను. నేను చేసిన పొరపాటు అదే.

రెండేళ్లకు అద్దం లోపల ఆవిరి పట్టడం మొదలైంది. అన్నయ్య దాన్ని హైదరాబాదులో ఆ కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రానికి తీసుకెళ్లాడు. వారం తర్వాత వాచీని ముట్టుకోకుండానే తిరిగి ఇచ్చారు. డయల్ మాది కాదు, బెజెల్ మాది కాదు, మా భాగాలు కాని వాచీని సర్వీసు చేయం అని కాగితం మీద రాసి ఇచ్చారు. డయల్, బెజెల్, అద్దం, ముళ్లు అన్నీ తమవే వేయించుకుంటే చేస్తామన్నారు. దానికి 2.6 లక్షల రూపాయలు అవుతుంది, తీసేసిన భాగాలు వెనక్కి ఇవ్వరు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు వాచీని నాతో తెచ్చుకుని, అమ్మిన దుకాణానికి ఫోన్ చేశాను. ఆయన పెద్దాయన, మర్యాదగానే మాట్లాడారు. కొన్ని నెలల కిందట తనకు లాయర్ నోటీసు వచ్చిందని, కోర్టుకు వెళ్లే స్తోమత లేక ఒప్పందం మీద సంతకం పెట్టానని, ఇక ఆ కంపెనీ వాచీని అమ్మడానికి గానీ తెరవడానికి గానీ తనకు వీల్లేదని చెప్పారు. మరి నా డబ్బు? వస్తువు అందినప్పుడు బాగానే ఉంది కదా అన్నారు. ఇక అమ్ముకుందామని ఒక పాత వస్తువుల వెబ్‌సైటులో పెట్టాను. డయల్, బెజెల్ కంపెనీవి కావని మొదటి వాక్యంలోనే రాశాను. రెండు రోజుల్లో ప్రకటన తీసేశారు. కారణం ట్రేడ్‌మార్క్ ఫిర్యాదు. మా వాచీ ఏ కంపెనీదో, దుకాణం ఏదో ఇక్కడ చెప్పను. ఆ దుకాణంతో వ్యవహారం ఇంకా తేలలేదు.

ఆ తర్వాతే కూర్చుని కోర్టు తీర్పులు చదివాను. కొనేముందు చదివి ఉండాల్సింది. ఇక్కడి నుంచి చెప్పే కేసులకూ మా వాచీకీ సంబంధం లేదు. అవన్నీ ఎవరైనా చదువుకోగలిగేలా బయట ఉన్న సంగతులే.

ముందుగా డయల్ గురించి. గొడవంతా అక్కడే ఉంది. పాత డయల్ రంగు మార్చాలంటే పై పూత గీకేయాలి. గీకితే దానితోపాటు కంపెనీ పేరు, గుర్తు కూడా పోతాయి. పేరు లేని డయల్‌ను ఎవరూ కొనరు కాబట్టి దుకాణం వారు ఆ పేరును, గుర్తును మళ్లీ అచ్చు వేయిస్తారు. లోపల తిరిగే యంత్రం అసలైనదే, పైన కనిపించే పేరు మాత్రం కంపెనీ వేసింది కాదు. మన దృష్టిలో అది రంగు మార్చిన అసలు వాచీ. చట్టం దృష్టిలో ఒకరి ట్రేడ్‌మార్క్‌ను వారి అనుమతి లేకుండా మరొకరు ముద్రించిన వస్తువు. ఈ ఒక్క తేడా నాకు ముందే తెలిసి ఉంటే ఆ నెమలికంఠం రంగు జోలికి పోయేదాన్ని కాదు.

టెక్సాస్‌లో బెకర్‌టైమ్ అనే సంస్థ మీద రోలెక్స్ 2020లో కేసు వేసింది. ఆ సంస్థ పాత రోలెక్స్ వాచీలకు వేరేవారు చేసిన బెజెళ్లు, పట్టీలు, వజ్రాలు పొదిగిన డయళ్లు వేసి అమ్మేది. అసలు యంత్రం లోపల ఉన్నా సరే, ఇంతగా మార్చిన వాచీని ఆ పేరుతో అమ్మడం ట్రేడ్‌మార్క్ ఉల్లంఘనే అని, చట్టరీత్యా అది నకిలీ గుర్తు కిందికే వస్తుందని కోర్టు తేల్చింది. 2024 జనవరిలో అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు కూడా దాన్నే సమర్థించింది. అయితే కంపెనీ ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకుని ఆలస్యంగా కోర్టుకు వచ్చింది కాబట్టి ఆ దుకాణం లాభాలను రాబట్టుకునే హక్కు దానికి లేదని చెప్పింది. ఆ ఏళ్లన్నిటా ఆ వాచీలు కొన్నవారి మాటేమిటి అని నేను తీర్పులో వెతుక్కున్నాను. కొన్నవాళ్లు అక్కడ కక్షిదారులు కారు. కంపెనీకి లాయరు ఉన్నాడు, దుకాణానికి లాయరు ఉన్నాడు, కొన్నవాడికి కుర్చీయే లేదు.

లాస్ ఏంజెలెస్‌లో పాత వాచీలకు హుషారైన రంగుల డయళ్లు వేసి పేరు తెచ్చుకున్న లా కాలిఫోర్నియెన్ మీద కూడా రోలెక్స్ 2019 నవంబరులో ఇలాగే కేసు వేసింది. అది రాజీతో ముగిసింది.

చిన్నవారు ప్రతిసారీ ఓడిపోలేదు. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో వోర్టిక్ అనే చిన్న కంపెనీ ఉంది. శతాబ్దం కిందటి అమెరికా జేబు గడియారాల యంత్రాలను, డయళ్లను తీసుకుని, కొత్త పైతొడుగులో బిగించి చేతి వాచీలుగా మారుస్తుంది. 1892లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో పుట్టిన హామిల్టన్ కంపెనీ గడియారాలతో చేసిన వాచీకి ‘ది లాంకాస్టర్’ అని పేరు పెట్టింది. ఇప్పుడు హామిల్టన్ స్విట్జర్లాండ్‌లోని స్వాచ్ గ్రూపు చేతిలో ఉంది. 2017లో వోర్టిక్ మీద దావా పడింది. 2020 సెప్టెంబరులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, 2021 సెప్టెంబరులో అప్పీలు కోర్టు రెండూ వోర్టిక్ పక్షానే తీర్పిచ్చాయి. పాత డయల్ మీద హామిల్టన్ పేరు కనిపిస్తూనే ఉంది. మరి ఎందుకు గెలిచారు? ఏది పాతది, ఏది తాము కొత్తగా చేసింది అన్నది ప్రకటనల్లో దాచకుండా చెప్పారు. వాచీ వెనుక వైపు తమ పేరు చెక్కారు. చూసినవాడు ఇది హామిల్టన్ కంపెనీ తయారుచేసిన కొత్త వాచీ అని పొరబడే అవకాశం లేదని కోర్టు నమ్మింది. ఈ వాదనకు పునాది 1947 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు. బాగుచేసిన పాత చాంపియన్ స్పార్క్ ప్లగ్గులను, అవి బాగుచేసినవని స్పష్టంగా ముద్రించి అమ్ముకోవచ్చని అప్పట్లో చెప్పింది. అయితే పాత పేరే అబద్ధమయ్యేంతగా వస్తువును మార్చేస్తే ఆ మినహాయింపు వర్తించదు. నాకు అమ్మిన పెద్దాయన ఆ చిన్న అక్షరాల వాక్యానికి బదులు మార్చిన భాగాల పేర్లు వరుసగా రాసి ఉంటే, ఆయనా ఇంత సులువుగా లొంగిపోవలసి వచ్చేది కాదేమో, నేనూ కొనేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేదాన్ని.

స్విట్జర్లాండ్ అత్యున్నత న్యాయస్థానం 2024 జనవరిలో ఇచ్చిన తీర్పు కొనేవారికి ఇంకా పనికొస్తుంది. జెనీవాలో వాచీలను కోరినట్టు మార్చి ఇచ్చే ఒక సంస్థకూ రోలెక్స్‌కూ మధ్య వచ్చిన వివాదం అది. మీ సొంత వాచీని మీరే తీసుకెళ్లి, మీ వాడకం కోసం మార్పించుకుంటే తప్పులేదు. మార్చిన వాచీని అదే గుర్తుతో, కంపెనీ అనుమతి లేకుండా బజారులో అమ్మితే తప్పు. అంటే అదే డయల్, అదే పనివాడు, అదే వాచీ. ముందు ఎవరిది అన్నదాన్ని బట్టి చట్టం మారిపోతోంది.

మన దేశంలోనూ గీత దాదాపు అక్కడే ఉంది. 1999 ట్రేడ్‌మార్క్‌ల చట్టం 30వ సెక్షన్ ప్రకారం న్యాయంగా కొన్న సరుకును తిరిగి అమ్ముకోవచ్చు. కానీ బజారులోకి వచ్చాక సరుకు స్థితి మారినా, దెబ్బతిన్నా, అడ్డుకునే హక్కు ట్రేడ్‌మార్క్ యజమానికి ఉంది. రోలెక్స్ పేరుతో గిల్టు నగలు అమ్మిన వారిని ఢిల్లీ హైకోర్టు 2009లో ఆపింది. వారు వాచీలు అమ్మలేదు, అయినా ఆ పేరు వాడకూడదంది. ఇదే చట్టంలోని 142వ సెక్షన్‌ గురించి చిన్న వ్యాపారులు తెలుసుకుని ఉండాలి. ఆధారం లేకుండా ట్రేడ్‌మార్క్ దావా వేస్తామని ఎవరైనా బెదిరిస్తే, ఆ బెదిరింపు మీదే కోర్టుకు వెళ్లవచ్చు. మీ వీధిలో వాచీ రిపేరు దుకాణం ఉంటే ఆయనకు ఈ మాట చెప్పండి.

కంపెనీల మీద నాకు కోపం ఉంది, దాచుకోను. ఇంగ్లండ్‌లో పిల్లలకు టైము చూడటం నేర్పే గోడ గడియారాలు చేసే ఆయిస్టర్ అండ్ పాప్ అనే చిన్న సంస్థకు, పేరులో ‘ఆయిస్టర్’ ఉన్నందుకు రోలెక్స్ లాయర్ల లేఖ వెళ్లింది. రోలెక్స్ తన వాచీలకు వాడే పేర్లలో అదొకటి. బడికెళ్లే పిల్లాడి గది గోడ మీద ఉన్న బొమ్మల గడియారాన్ని చూసి అది రోలెక్స్ అనుకునేవాడు ఎవడుంటాడు? అది హక్కును కాపాడుకోవడం కాదు, బలం చూపించడం. కానీ నా విషయంలో సర్వీసు కేంద్రం చెప్పింది అబద్ధం కాదు. సరిగ్గా కూర్చోని ఆ బెజెల్ వల్లే అద్దం చుట్టూ ఉండే పట్టీ బిగువు తప్పిందని, తడి లోపలికి వెళ్లిందని తర్వాత తెలిసింది. తాము చేయని భాగానికి తమ పేరు ఉంటే, చెడ్డపేరు తమకే వస్తుందని వారు భయపడటంలో న్యాయం ఉంది. ఆ న్యాయానికి మూల్యం నాన్నగారి చేతి మీద పడటమే నాకు మింగుడుపడనిది.

మీరు కొనేటట్టయితే, ‘వంద శాతం అసలైనది’ అన్న మాటతో తృప్తిపడకండి. డయల్, ముళ్లు, బెజెల్, అద్దం, కీ, పట్టీ, లోపలి యంత్రం వీటిలో ఏది కంపెనీది, ఏది కాదు, డయల్ మీద పేరు తిరిగి అచ్చు వేశారా అన్నది విడివిడిగా బిల్లు మీదే రాసిమ్మని అడగండి. రాసివ్వనంటే కొనకండి. వెనుక మూత తీసిన ఫోటో అడగండి. ఆ కంపెనీ నుంచి మీకు నోటీసు ఏమైనా వచ్చిందా అని సూటిగా అడగండి, ఈమెయిల్‌లో అడిగితే జవాబు కూడా రాతపూర్వకంగా ఉంటుంది. ఆర్డరు ఇచ్చి నెలల తరబడి ఎదురుచూడాల్సిన వాచీకి మొత్తం డబ్బు ముందే కట్టకండి. ఈలోగా నోటీసు వస్తే వాచీ రాదు, డబ్బు కోసం తిరగాలి. రంగు డయల్ మీద అంత మోజుంటే, మార్పు చేయని వాచీని కొనుక్కుని, మీరే మార్పించుకుని, అసలు డయల్‌ను జాగ్రత్తగా వెనక్కి తీసుకోండి. సర్వీసుకు వెళ్లేటప్పుడు ఆ డయల్ కావాలి. హెచ్‌ఎంటీ జనతా, పైలట్ వాచీలు కొనేవారికీ ఇదే చెబుతాను. రంగురంగుల డయళ్లతో ఇప్పుడు అమ్ముడవుతున్నవి చాలావరకు మళ్లీ అచ్చు వేసినవే. తెలిసి కొనుక్కుంటే ఫరవాలేదు, అసలు డయల్ అనుకుని ఎక్కువ ధర పెట్టకండి.

ఖర్చుకు వెనకాడనివారికి ఇంకో దారి ఉంది. 2022 డిసెంబరు నుంచి రోలెక్స్ తన పాత వాచీలను ధ్రువీకరించి, రెండేళ్ల గ్యారంటీతో ఎంపిక చేసిన దుకాణాల ద్వారా అమ్మిస్తోంది. ధర ఎక్కువే, కానీ రేపు సర్వీసుకు తీసుకెళ్తే ఇది మాది కాదనరు.

టెక్సాస్‌లో ఉండి ఇప్పటికే ఇలా ఇరుక్కున్నవారు ఆలస్యం చేయకండి. మోసపూరిత వ్యాపార పద్ధతుల చట్టం కింద దావాకు సాధారణంగా రెండేళ్లే గడువు, దావాకు 60 రోజుల ముందు దుకాణానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. 20,000 డాలర్ల లోపు సొమ్ము కోసం జస్టిస్ కోర్టుకు లాయరు లేకుండా వెళ్లవచ్చు. నేను పోయిన నెలలో ఆ ఉత్తరం పంపాను. భారతదేశంలో వినియోగదారుల కమిషన్‌కు కూడా రెండేళ్లలోపే వెళ్లాలి. సర్వీసు కేంద్రం ఇచ్చిన తిరస్కరణ కాగితాన్ని పారేయకండి. నా దగ్గర ఉన్న ఒకే ఒక గట్టి సాక్ష్యం అదే.

వాచీ ఇప్పుడు మళ్లీ రాజమండ్రిలోనే ఉంది. అక్కడ ఒక పాతకాలపు వాచీ మేకరు విప్పి, తడి ఆరబెట్టి, అద్దం చుట్టూ పట్టీ మార్చి, 1,200 రూపాయలు తీసుకున్నారు. నీళ్లు తగలనివ్వవద్దన్నారు. నాన్నగారు స్నానానికి ముందు దాన్ని తీసి దేవుడి గూట్లో పెడుతున్నారు. టైము చూపిస్తోంది కదమ్మా, ఇక వదిలేయి అంటారు ఫోన్ చేసినప్పుడల్లా. ఆ 60 రోజుల గడువు వచ్చే నెల ముగుస్తుంది. నేను వదిలేయను.