నూనెకి, బయోడీజిల్‌కి కాపలా: మొక్కల సారం మేలా, టీబీహెచ్‌క్యూ మేలా?

మూత తీయగానే కనరు వాసన ముక్కుకి తగిలిందంటే, ఆక్సిజన్ తన పని ఎప్పుడో మొదలుపెట్టేసిందని అర్థం. ఆ దశలో ఏ యాంటీఆక్సిడెంట్ (ఆక్సిజన్ దెబ్బని ఆలస్యం చేసే పదార్థం) పోసినా, అది మొక్కల సారమైనా, టీబీహెచ్‌క్యూ అనే కృత్రిమ రకమైనా, చెడిన నూనె బాగుపడదు. నూనెల నుంచి తయారుచేసే ఇంధనం బయోడీజిల్‌దీ అదే కథ. ఆమ్లత్వం పెరుగుతుంది, జిగురు పేరుకుంటుంది, చివరికి ఫిల్టర్ పూడుకుపోతుంది.

ఏ యాంటీఆక్సిడెంట్ సత్తా ఎంతో తేల్చడానికి రాన్సిమాట్ అనే పరీక్ష ఉంది. 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిగా ఉంచిన బయోడీజిల్ గుండా గాలి ఊదుతారు. బయటికొచ్చిన గాలిని పక్కనే ఉన్న శుద్ధజలంలోకి పంపుతారు. గంటల తరబడి ఆ నీటి విద్యుత్ వాహకత చూపే గీత కదలదు. ఇంధనం లొంగిపోయాక అందులోంచి చిన్నచిన్న ఆమ్లాలు ఆవిరై నీటిలో కలుస్తాయి, నీటి విద్యుత్ వాహకత ఒక్కసారిగా పైకి లేస్తుంది. అప్పటిదాకా గడిచిన సమయమే దాని ఓర్పు. యూరప్ ప్రమాణం ఈఎన్ 14214 కనీసం 8 గంటలు అడుగుతుంది, అమెరికా ఏఎస్‌టీఎం డీ6751కి 3 గంటలు చాలు.

ఇంధనం వరకు నా ఓటు ఇప్పటికైతే టీబీహెచ్‌క్యూకే. పెట్రోరసాయనాల నుంచి తయారయ్యేదే, కానీ తక్కువ మోతాదులోనే గట్టిగా పనిచేస్తుంది, ప్రతి బ్యాచ్‌లోనూ ఒకేలా ఉంటుంది. నెలల తరబడి ట్యాంకులో నిలవుంచే బయోడీజిల్‌కి ఈ భరోసా కావాలి.

మొక్కల వైపు గాలిక్ ఆమ్లం, కెఫీక్ ఆమ్లం లాంటివి రసాయనపరంగా ఏమాత్రం తీసిపోవు. చిక్కంతా కరగడంలోనే. ఇవి నీటిని ఇష్టపడే అణువులు, బయోడీజిల్‌లో సరిగ్గా కలవక అడుక్కి చేరతాయి. టోకోఫెరాల్‌కి, అంటే విటమిన్ ఇకి, ఆ బాధ లేదు, అది నూనెలో పుట్టిందే. కానీ విటమిన్ ఇ కదా అని ఆల్ఫా రకాన్ని ఎడాపెడా పోస్తే మేలు చేయాల్సింది కీడు చేయొచ్చు. నూనెలో గామా, డెల్టా రకాలే సాధారణంగా మెరుగు. ఇంకో బాధాకరమైన విషయం ఏంటంటే, బయోడీజిల్‌ని శుద్ధి కోసం డిస్టిల్ చేసినప్పుడు గింజ ఇచ్చిన ఈ సొంత రక్షణ చాలావరకు పోతుంది. దాన్ని పోగొట్టి, బయటి నుంచి కొని కలపడం నాకైతే మనసుకి పట్టదు.

వంటనూనె దగ్గరికొస్తే లెక్క మారిపోతుంది. ఇక్కడ రోజ్‌మేరీ సారమే నా ఎంపిక. అందులోని కార్నోసిక్ ఆమ్లం నూనెలో కరుగుతుంది, యూరప్‌లో ఈ392 పేరుతో ఆహారంలో అనుమతి కూడా ఉంది. అయితే ముతకగా తీసిన పచ్చని సారం వద్దు. అందులోని క్లోరోఫిల్ వెలుతురు తగిలితే నూనెని ఇంకా త్వరగా పాడుచేస్తుంది. రంగు, వాసన తీసేసిన రకమే తీసుకోవాలి.

ఏది ఎంచుకున్నా ముందు నూనెలో ఏ కొవ్వు ఆమ్లాలున్నాయో చూడాలి. ఆక్సిజన్‌ని పట్టుకునే వేగం ఓలిక్‌ది 1 అనుకుంటే, లినోలిక్‌ది సుమారు 40, లినోలెనిక్‌ది దాదాపు 100. ఓలిక్ ఎక్కువున్న నూనెకి మొక్కల సారం సరిపోవచ్చు, లినోలెనిక్ బాగా ఉన్న నూనెకి ఒంటరి టోకోఫెరాల్‌ని నమ్ముకోలేం. ట్యాంకుకి రాగి, ఇత్తడి అమరికలు ఉంటే ముందు అవి మార్చండి. రాగి కొద్దిగా కలిసినా ఆక్సీకరణ పరుగందుకుంటుంది, అప్పుడు ఖరీదైన సారం కూడా ముందే ఖర్చయిపోతుంది.