సైట్ విజిట్ రివ్యూ: కారు బాగుంది, స్టేషన్ కనబడలేదు

ముందు మంచి చెప్పుకుందాం. ఫ్లాటు చూపించడానికి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వస్తామన్నారు అపార్ట్‌మెంట్ కంపెనీవాళ్ళు, తొమ్మిదింటికే బెజవాడ పటమటలో మా ఇంటి ముందు కారు ఆగింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆర్టీసీలో చేసి కంట్రోలర్‌గా రిటైరయినవాణ్ణి, టైముకొచ్చే బండంటే నాకు గౌరవం. ఏసీ వేశారు, నీళ్ళ సీసా ఇచ్చారు, దారిలో ఆపి ఇడ్లీ, వడ పెట్టించారు. వడ నూనె పీల్చలేదు. వెంట వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడు. మా ఆవిడకి కారు తలుపు తీసి "జాగ్రత్త ఆంటీ, బురద ఉంది" అన్నాడు. కారుకి అయిదుకి అయిదు. టిఫినుకి నాలుగు, కాఫీ చల్లారిపోయింది గనక.

కంపెనీ పేరు రాయను. బెంజి సర్కిల్ దాటిన దగ్గర్నుంచి పెనమలూరు దాకా బందరు రోడ్డు మీద ఇలాంటి బోర్డులు బోలెడు. ఒకళ్ళ పేరు రాస్తే మిగతావాళ్ళంతా మంచోళ్ళయిపోతారు. పోరంకి దాటాక లోపలికి వెళ్ళే అపార్ట్‌మెంట్, అయిదంతస్తులు, టూ బెడ్‌రూం, 1240 చదరపు అడుగులు. ఆ మాత్రం చాలు.

అసలు నేను వెళ్ళింది మావాడి పోరు పడలేక. వాడుండేది డాలస్ పక్కన ప్లేనోలో. "నాన్నా, మెట్రో వచ్చాక మనం కొనలేం, ఇప్పుడే ఓసారి చూడు" అని నెల రోజులుగా ఒకటే ఫోన్లు. బ్రోషర్ కూడా వాడే వాట్సాప్‌లో పంపాడు. పటమటలో ఉన్న నాకంటే ముందు టెక్సాస్‌లో ఉన్నవాడికి చేరింది పోరంకి బ్రోషరు!

మొదటి పేజీలో స్విమ్మింగ్ పూల్ ఉంటుందనుకున్నాను. కాదు, రైలు. నీలం రంగువి మూడు పెట్టెలు, స్తంభాల మీద పోతున్నాయి. కింద పెద్దక్షరాల్లో "మెట్రో స్టేషన్‌కి 500 మీటర్లు". దాని పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో "ప్రతిపాదిత". కళ్ళజోడు తీసి కాగితం ముక్కు దగ్గర పెట్టుకుంటే గానీ కనబడలేదు.

ధరల కాగితం ఇంకా బాగుంది. అసలు రేటు మీద తూర్పు ఫేసింగుకి కొంత, కార్నర్‌కి కొంత, పై అంతస్తుకి కొంత. ఇవన్నీ తెలిసినవే. చివర కొత్త వరుస: "మెట్రో అడ్వాంటేజ్, అడుగుకి 300". నేను అక్కడే పెన్ను తీసి లెక్కేశాను. 3,72,000 రూపాయలు. స్తంభం కూడా లేవని రైలుకి ముందే టికెట్. మా రోజుల్లో బస్సు లేకుండా టికెట్ కొడితే సాయంత్రానికి సస్పెండ్ చేసేవాళ్ళు.

కుర్రాడు పూర్తిగా అబద్ధం చెబుతున్నాడని అనను. బెజవాడకి మెట్రో అన్న మాట 2014 విభజన చట్టంలోనే ఉంది. విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతానికి మెట్రో వీలవుతుందో లేదో చూడమని పదమూడో షెడ్యూల్లో రాశారు. 2015లో ఢిల్లీ మెట్రో వాళ్ళు డీపీఆర్, అంటే ప్రాజెక్టు పూర్తి నివేదిక, ఇచ్చారు: పండిట్ నెహ్రూ బస్టాండ్ నుంచి ఒక లైను పెనమలూరుకి, ఒకటి నిడమానూరుకి, మొత్తం 26 కిలోమీటర్లు, 6,769 కోట్లు. తర్వాత అంత భారీది ఎందుకు, తక్కువ పెట్టెలతో లైట్ మెట్రో చాలన్నారు. అదీ ఆగింది. 2024లో మళ్ళీ పూర్తి మెట్రో అన్నారు. ఈసారి మొదటి దశే 38.4 కిలోమీటర్లు, 11,009 కోట్లు, ఒక లైను గన్నవరం దాకా. రైలు సైజు మారింది, పొడవు మారింది, ఖర్చు పెరిగింది. బస్టాండ్ నుంచి పెనమలూరుకి బందరు రోడ్డు లైను మాత్రం అన్ని మ్యాపుల్లోనూ ఉంది. ఆ ఒక్క గీత పట్టుకునే వీళ్ళ వ్యాపారమంతా.

సరే, స్టేషన్ వస్తుందనే అనుకుందాం. అప్పుడైనా అయిదొందల మీటర్లా?

"స్టేషన్ ఎక్కడ బాబూ?" అన్నాను. బందరు రోడ్డు వైపు చెయ్యి చూపించి "అదిగో అంకుల్, ఆ టైర్ల షాపు దగ్గర" అన్నాడు. ఫోన్లో మ్యాపు తెరిచి గీత గీశాడు. 520 మీటర్లు వచ్చింది. మొహంలో వెలుగు.

"గీత మీద నువ్వు నడుస్తావేమో, నేను రోడ్డు మీద నడుస్తాను, పద" అన్నాను.

నా అంగ సరిగ్గా రెండు అడుగులు. స్టాపుల మధ్య దూరం టేపు దొరకనప్పుడు కాళ్ళతోనే కొలిచేవాళ్ళం, ఆ అలవాటు పోలేదు. లెక్కపెట్టుకుంటూ బయల్దేరాను. మొదటి తమాషా ఏమిటంటే, అపార్ట్‌మెంట్ గేటు బందరు రోడ్డుకి వీపు పెట్టి ఉంది. అంటే స్టేషన్‌కి వెళ్ళాలంటే ముందు స్టేషన్‌కి దూరంగా నడవాలి. ఆ ముప్ఫయి అడుగుల రోడ్డు చివర మలుపు తిరిగితే పక్క వెంచరు ప్రహరీ. పొడుగాటి గోడ, పైన ముళ్ళ తీగ. లోపల చక్కటి సిమెంటు రోడ్డు తిన్నగా బందరు రోడ్డు వైపే పోతోంది. కానీ వాచ్‌మన్ పోనివ్వడు, "బయటివాళ్ళకి లేదండీ". గోడ పట్టుకుని చుట్టూ తిరిగాం. తర్వాత పంట బోదె. మూడు గజాల వెడల్పు ఉంటుందేమో, అవతల గట్టు మీద మేకలు మేస్తున్నాయి. దాటాలంటే తూము ఒక్క చోటే ఉంది, అది ఇంకా అవతల. తూము దాటాక పాత ఊరి సందు, ఆ సందులో ఒక గేదె అడ్డంగా పడుకుని ఉంది. దాని పక్కనుంచి ఒంటికాలి మీద దాటి బందరు రోడ్డెక్కేసరికి లెక్క 2,060 అంగలు. అంటే కిలోమీటరుంబావు, పంతొమ్మిది నిమిషాలు. కుర్రాడి చొక్కా వీపుకి అంటుకుపోయింది. వాడి బూట్లకి పేడ.

"అంకుల్, ఇది ఏరియల్ డిస్టెన్స్ అండీ" అన్నాడు, రొప్పుతూ.

అది నిజమే. విమానానికయితే ఏడొందల పైచిలుకు మీటర్లు కలిసొచ్చింది. వెనక్కి ఆటోలో వచ్చాం, డబ్బులు వాడే ఇచ్చాడు. ఏసీ కారులో కూర్చున్న మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి "ఏవండీ, కూరగాయల సంచీతో కూడా ఇలాగే నడుస్తారా రోజూ?" అంది. పదహారు పేజీల బ్రోషర్లో ఆ ప్రశ్నకి జవాబు లేదు.

మావాడి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను కాబట్టి స్టేషన్ పక్కన ఇల్లంటే ఎలా ఉంటుందో నా కళ్ళలో ఒక బొమ్మ ఉంది. అక్కడ నడిచేది లైట్ రైలు. స్తంభాలెక్కదు, ప్లేనో పాత బజారులో నేల మీదే వచ్చి ఆగుతుంది. ఒకప్పుడు అదే ఊరి మీదుగా కరెంటు బండి నడిచేదట, 1948లో ఆపేశారు. దాని స్టేషన్ గది ఇప్పుడు మ్యూజియం. 2002 డిసెంబరులో ఆ పక్కనే కొత్త రైలుకి స్టేషన్ తెరిచారు. దాని ఎదురుగా అపార్ట్‌మెంట్లు కట్టారు, వాటికి ప్రహరీ లేదు! తలుపు తీస్తే ఫుట్‌పాత్, ఫుట్‌పాత్ దాటితే ప్లాట్‌ఫాం. ఒక పెద్దావిడ చేతిలో కాఫీ కప్పుతో, ఇంటి చెప్పులతో వచ్చి రైలెక్కడం చూశాను. ఇంటి చెప్పులు! స్టేషన్ దగ్గరా దూరమా అన్నదానికి నాకు అప్పట్నుంచీ అదే కొలత. పక్కనే ఒక పార్కు ఉంది. గుడివాడ నుంచి వచ్చిన ఇంకో తండ్రీ నేనూ సాయంత్రాలు ఆ బెంచీ మీద కూర్చుని రైళ్ళు లెక్కపెట్టేవాళ్ళం. నా ఉద్యోగం నన్ను వదల్లేదని మావాడు నవ్వేవాడు.

అక్కడంతా అలాగే ఉందని చెప్పను. దాని తర్వాతి స్టేషన్ చుట్టూ ఇళ్ళు కాదు, కార్లే. చెరువంత పార్కింగ్. మావాడు కూడా ఇంటి నుంచి అక్కడిదాకా కారులో వెళ్ళి, అది పెట్టి రైలెక్కేవాడు. అదే లైను, అదే రైలు. ఒక స్టేషన్ చుట్టూ ఊరు లేచింది, ఇంకో స్టేషన్ చుట్టూ తారు పరుచుకుంది.

ఇంకో సంగతి. అక్కడ రైలు ఖర్చుకి జనం ఊరికే కూర్చోరు. పన్ను పడే సరుకు కొన్న ప్రతి డాలరు మీదా ఒక సెంటు ఆ రైలు సంస్థకే పోతుంది. మన దగ్గర 2017లో కేంద్రం తెచ్చిన మెట్రో విధానం కూడా అటువంటిదే చెబుతుంది. రైలు వల్ల చుట్టుపక్కల భూముల విలువ పెరుగుతుంది గనక, ఆ పెరిగిన దాంట్లో కొంత రైలుకి రావాలి. హైదరాబాద్‌లో మెట్రో కట్టినవాళ్ళకి 269 ఎకరాలు ఇచ్చింది కూడా ఆ లెక్కలోనే, టికెట్ డబ్బుకి అద్దెలు తోడవుతాయని. పంజగుట్టలో రైలు దిగి ఎండ తగలకుండా మాల్‌లోకి పోవచ్చు, పోయాను కూడా.

మరి పోరంకిలో? అడుగుకి 300 ఎవరి జేబులోకి? రైలు సంస్థకి కాదు, మునిసిపాలిటీకి కాదు, ఏ స్తంభానికీ కాదు. రేపు నిజంగా మెట్రో వచ్చి, భూమి విలువ పెరిగింది కాబట్టి ఇంత కట్టండి అని నోటీసు పంపితే, అప్పుడు కట్టేది మళ్ళీ నేనే. వీళ్ళు అప్పటికి ఇంకో ఊళ్ళో ఇంకో రైలు బొమ్మ వేసుకుంటూ ఉంటారు.

బండి ఆగే చోటు వల్ల విలువ పెరగదని నేననను. డ్యూటీలో ఉన్నప్పుడు ఒకసారి ట్రాఫిక్ గొడవ మీద ఒక స్టాపు రెండొందల మీటర్లు ముందుకి జరిపాం. వారం తిరక్కుండా టీ బండి కదిలింది. నెలకి పూల కొట్టు, ఆ తర్వాత జిరాక్స్ మిషను. పాత స్టాపు దగ్గర బడ్డీ కొట్టాయన నన్ను ఆరు నెలలు పలకరించలేదు. కానీ ఆ కొట్లన్నీ లేచింది జనం దిగి నడిచే దారిలోనే. గోడ వెనకాల ఒక్కటి లేవలేదు. ఉల్టా కూడా చూశాం: మన బెజవాడ బీఆర్‌టీఎస్ (బస్ రాపిడ్ ట్రాన్సిట్) రోడ్డు. బస్సు కోసం మధ్యలో ప్రత్యేకంగా దారులు వేశారు, పేరులో బస్సుంది. ఇప్పుడు సాయంత్రం అక్కడికి ఎవరు వెళ్ళినా తిండి బళ్ళ కోసమో వాకింగ్ కోసమో వెళ్తారు. (తిండి బళ్ళ మీద నాకు కోపం లేదు. బస్సు మీద బెంగ.)

తిరిగి ఆఫీసుకి వచ్చాక మేనేజరు కూల్‌డ్రింక్ ఇచ్చాడు. రెండు మాటలు అడిగాను. ఒకటి, మెట్రోకి అయిదొందల మీటర్లు అన్నది అగ్రిమెంటులో రాస్తారా? ఇళ్ళు కొనేవాళ్ళ కోసం తెచ్చిన 2016 రెరా చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం ప్రకటనలో తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోతే అమ్మినవాడు పరిహారం ఇవ్వాలి. ఇల్లు వద్దనుకుంటే కట్టింది వడ్డీతో తిరిగివ్వాలి. మేనేజరు నవ్వి, "పెద్దవారు, మీకు తెలియందేముంది సార్, అది గవర్నమెంటు చేతిలో ఉంది కదా" అన్నాడు. గవర్నమెంటు చేతిలో ఉన్నదానికి మీరు అడుగుకి 300 ఎలా తీసుకుంటున్నారయ్యా అంటే, "మీకు ఆ 300 తీసేస్తాం సార్, ఈ రోజే బుక్ చేస్తే" అన్నాడు. 3,72,000 రూపాయల అడ్వాంటేజ్ ఒక కూల్‌డ్రింక్ సీసా ఖాళీ అయ్యేలోపు ఆవిరయిపోయింది. వెళ్ళేవాళ్ళకి ఇది పనికొస్తుంది: అడగండి, తీసేస్తారు.

రెండోది, వెనక గోడకి ఒక చిన్న గేటు పెట్టండి, బోదె మీద నాలుగు సిమెంటు పలకలు వేయించండి, అవతలి గట్టు వెంట సందులోకి తిన్నగా పోవచ్చు అన్నాను. నేను అక్కడే కాగితం మీద గీసి చూపించాను. ఏడొందల మీటర్లకి దిగుతుంది. బోదె మీద పలకకి ఇరిగేషన్ వాళ్ళని అడగాలి, తెలుసు. అయినా మహా అయితే ఒక ఫ్లాటు మెట్రో అడ్వాంటేజ్‌తో అయిపోయే పని. "మంచి పాయింటు సార్, పైవాళ్ళకి చెప్తాను" అని ఆ కాగితం మడిచి డ్రాయర్లో పెట్టాడు.

మేం బుక్ చెయ్యలేదు. కట్టుబడి బాగానే ఉంది, వంటింట్లో గాలి ఆడుతుంది, లిఫ్టు పెద్దది. మెట్రో మాట ఎత్తకుండా మామూలు రేటుకి అమ్మితే మూడు చుక్కలు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ఒకటిన్నర. ఆ అర ఎండలో నాతో 2,060 అంగలు నడిచిన కుర్రాడికి.

పోయిన వారం ఉయ్యూరులో పెళ్ళికి వెళ్ళి బస్సులో వస్తూ, ఊరుకోలేక టైర్ల షాపు దగ్గర దిగాను. సందులోంచి బోదె గట్టు దాకా వెళ్ళి చూశాను. గేటు పెట్టమన్న చోట గోడని ఇంకో రెండడుగులు లేపారు. పైన గాజు పెంకులు గుచ్చారు. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది.